జబల్ అఖ్దర్ మీద నా న్యూట్రల్ పాండిత్యం

నేను ఒమన్ చూడ్డానికి పోలేదు. నా బామ్మర్దికి కొండ దిగడం నేర్పడానికి పోయాను. ఈ మాట మా వీధిలో చెబితే నవ్వుతున్నారు. నవ్వనీయండి. కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాటు మీద ఇరవై ఎనిమిదేళ్లు ప్రైవేటు బస్సు తోలినవాణ్ణి. ఆ ఘాటులో ఏ మలుపు దగ్గర ఏ కోతి కూర్చుంటుందో కూడా నాకు తెలుసు. అలాంటివాణ్ణి పిలిపించుకోక ఇంకెవరిని పిలిపించుకుంటారు?

బామ్మర్ది పేరు రెడ్డెప్ప. మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో సిమెంటు, ఇటుకలు అమ్మే దుకాణంలో పికప్ తోలుతాడు. పెళ్లయి ఆరేళ్లయింది. భార్య సుజాత, నాలుగేళ్ల పాప రాయచోటిలో ఉంటారు. ఈ ఆరేళ్లలో ముగ్గురూ ఒక కప్పు కింద ఉన్నది ఏడెనిమిది నెలలకు మించదు. పాపకు నాన్నంటే ఫోన్లో కనబడే మనిషి.

ఈ చలికాలం వాడికో అవకాశం వచ్చింది. జబల్ అఖ్దర్ అని పెద్ద కొండ. దాని మీద సాలిం అనే ఒమనీ పెద్దాయనకు లాడ్జీ ఉంది. పర్యాటకులను ఫోర్ వీల్ బండిలో పైకి తేవడానికి, కిందికి దించడానికి ఆయనకు డ్రైవరు కావాలి. ఉద్యోగంతోపాటు రెండు గదుల ఇల్లు ఇస్తాడు, భార్యాబిడ్డలకు వీసా పెట్టిస్తాడు. షరతు ఒక్కటే. రోడ్డు తడిగా ఉన్న రోజు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని కొండ దిగి చూపించాలి. ఒక్కసారే. రెడ్డెప్పకు ముందు ముగ్గురు వచ్చి, దిగి, ఇంటికి పోయారట. ఎందుకు తప్పారో వాళ్లకే తెలియదు.

"ఇన్నేండ్లు ఘాటులో తోలినోనివి. నా తమ్మునికి నేర్పించి రాపో," అని నా భార్య ఉత్తర్వు జారీ చేసింది. రెడ్డెప్ప టికెట్టు పంపాడు. అంతర్జాతీయ లైసెన్సు తీయించుకుని, గువ్వలచెరువు పాలకోవా రెండు కిలోలు సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

మత్రాలో నేనూ, ఒక కారూ

విమానం దిగిన పూటే రెడ్డెప్ప నన్ను మత్రాకు తీసుకుపోయాడు. పాత రేవు, దాని ఎదురుగా బజారు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు బోడి కొండలు, మధ్యలో ఇరుకు సందుల్లో సాంబ్రాణి పొగ. సందులకు పైకప్పు ఉంది కాబట్టి ఎండ తగలదు. దుకాణాల్లో సగం మంది మనదేశం వాళ్లే. గుజరాతు వైపు కచ్ వ్యాపారి ఒకాయన నన్ను చూడగానే "ఆంధ్రావాలే హో?" అన్నాడు. ఎలా కనిపెట్టాడో నాకు అర్థం కాలేదు. "చలికాలంలో గూడా ఎండాకాలపు చొక్కా ఏసుకొచ్చేది మనోళ్లే గదా బావా," అన్నాడు రెడ్డెప్ప.

ఇక్కడి హల్వా చిన్న డబ్బా రియాలున్నర. రియాలంటే మన రెండు వందల పైచిలుకు రూపాయలు. రుచి చూసి, మా కోవాతో పోల్చి, మా కోవాదే గెలుపని తీర్పు చెప్పాను. ఆ కచ్ వ్యాపారికి ఒక ముక్క పెట్టాను కూడా. ఆయన కళ్లు మూసుకుని తిని, ఇంకో ముక్క అడిగాడు. అది చాలు నాకు.

చిన్న పరాభవం ఒకటి జరిగింది. బజారు నుంచి సముద్రం వైపు రోడ్డు దాటాలి. తెల్ల చారల దగ్గర నిలబడ్డాను. ఒక కారు వచ్చి ఆగింది. అది పోతే దాటుదామని నేను ఆగాను. నేను దాటితే పోదామని అది ఆగింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయాం. వెనక నాలుగు కార్లు చేరాయి. ఒక్కడూ హారన్ కొట్టలేదు. చివరికి రెడ్డెప్ప వచ్చి నా చెయ్యి పట్టుకుని దాటించాడు. ఇరవై ఎనిమిదేళ్లలో మనిషి కోసం నేనెన్నిసార్లు బస్సు ఆపానా అని ఆ పూటంతా ఆలోచించాను. సమాధానం బయటికి చెప్పేది కాదు.

అల్ అమెరాత్‌లో పాఠం

అల్ అమెరాత్ ఇప్పుడిప్పుడే పెరుగుతున్న ఊరు. ఎటు చూసినా కట్టుబడి సైట్లే. రెడ్డెప్ప రూమ్‌లో నలుగురు ఉంటారు, అందరూ మన కడప, చిత్తూరు వైపు వాళ్లు. రాత్రి సంగటి, కోడికూర చేసి పెట్టారు. పగలంతా డ్యూటీ చేసి వచ్చి కూడా నా కోసం పడిన శ్రమ చూసి సిగ్గేసింది.

మరునాడు శుక్రవారం, సెలవు. దుకాణం పికప్ అడిగి తీసుకుని, అమెరాత్ నుంచి కొండ మీదుగా బౌషర్ వైపు పోయే దారిలో పాఠం మొదలుపెట్టాను. రోడ్డు నున్నగా, నిటారుగా ఉంది. ఎండ కాస్తోంది.

ఇక్కడ నా రహస్యం ఒకటి చెప్పాలి. మా బస్సు ఓనరు డీజిల్ మిగిల్చిన డ్రైవరుకు ఏటా దీపావళికి ప్రెషర్ కుక్కర్ ఇచ్చేవాడు. మా ఇంట్లో ఆరు కుక్కర్లున్నాయి. మూడు చెల్లెళ్లకు ఇచ్చాను, అవి కాక. అంత డీజిల్ ఎలా మిగిలింది? దిగుడులో గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలితే బండి ఉత్త పుణ్యానికి పరుగెడుతుంది. బ్రేకు మీద కాలుంచి, తాళం వేసినట్టు తొక్కుతూ వదులుతూ దించాలి. అది మా తరం డ్రైవర్ల విద్య. ఘాటు మొదట్లో "దిగేటప్పుడు తక్కువ గేరు వాడండి" అని పెద్ద బోర్డు ఉండేది. ఆ బోర్డు కిందే ఆగి టీ తాగి, గేరు తీసేసి దిగేవాళ్లం.

"బావా, ఈడోళ్లు దిగేటప్పుడు లో గేరంటారే?" అన్నాడు రెడ్డెప్ప అనుమానంగా.

"వాళ్లకు డీజిలంటే నీళ్లు. మనకు అట్ల కాదు. నువ్వు నా కాలు సూడు," అన్నాను.

వాడు నా కాలు చూశాడు. నాలుగుసార్లు దిగేసరికి నాకన్నా బాగా తాళం పట్టుకున్నాడు. చిన్నప్పుడు నా బస్సులో ఇంజిన్ పక్కన కూర్చుని బడికి పోయినవాడు. నేనేం చెప్పినా వాడికి వేదమే. నాకు గర్వంగా కూడా అనిపించింది.

బిర్కత్ అల్ మౌజ్‌లో కబుర్లు

శనివారం పొద్దున్నే వాన పడింది. అక్కడ వాన పడితే జనం సంబరంగా ఇళ్లలోంచి బయటికి వస్తారు. "వాన పడింది, రేపు దిగుదాం, రండి," అని సాలిం ఫోన్ చేశాడు. రెడ్డెప్ప రెండు రోజులు సెలవు పెట్టాడు, అప్పటికప్పుడు బయలుదేరాం.

కొండ కింద ఊరు బిర్కత్ అల్ మౌజ్. అంటే అరటితోటల చెరువు అని అర్థమట. మట్టి ఇళ్లు, పిల్లకాలువలు, ఖర్జూరపు చెట్ల నీడలో అరటి. సాలిం అక్కడ తన చుట్టాల ఇంట్లో మా కోసం కాచుకుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. తెల్లటి నిలువు అంగీ, నడుముకు పట్టీ, చేతిలో సన్నటి కర్ర. కింద కూర్చోబెట్టి ఖర్జూరం పెట్టి, "ఏం కబుర్లు?" అని హిందీలో అడిగాడు.

కబుర్లు అడిగాడు కదా అని నేను మొదలుపెట్టాను. మా బోరు ఎండిపోయిన సంగతి, మా పెద్దమ్మాయి సీమంతం, నా మోకాలి నొప్పి, అన్నీ నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆయన చివరిదాకా మర్యాదగా విన్నాడు. చుట్టాలు కూడా విన్నారు. ఒకాయన మోకాలికి మందు కూడా చెప్పాడు.

బయటికొచ్చాక రెడ్డెప్ప కడుపు పట్టుకుని నవ్వాడు. "బావా, ఈడ అది మర్యాదకు అడిగేది. ఊళ్లో అంతా క్షేమమే, కొత్త కబురేం లేదు అని చెప్పి ఊరుకోవల్ల. నిజం కబుర్లు కాఫీ అయినాక." పూర్వం ఎడారి దారుల్లో ఒకరికొకరు ఎదురైనప్పుడు యుద్ధం ఉందా, వాన ఉందా అని అడిగేవాళ్లట, ఆ ఆచారం అలా నిలిచిపోయిందట. నా బోరు సంగతి ఇప్పుడు ఆ కొండవాళ్లందరికీ తెలుసు.

కొండ మొదట్లో పోలీసు చౌకీ ఉంది. ఫోర్ వీల్ బండి కాకపోతే పైకి పోనివ్వరు. పోలీసు బండినీ, లైసెన్సునూ, టైర్లనూ చూసి చేయి ఊపాడు. సాలిం తన పాత ఐదు గేర్ల బండిని రెడ్డెప్పకు ఇచ్చి ఎక్కించమన్నాడు. ఎక్కడం ఎవడైనా ఎక్కుతాడు. అంతెత్తు కొండకు రోడ్డు అంత వెడల్పుగా వేసినవాళ్లకు దండం పెట్టాలి. అక్కడక్కడ రోడ్డు పక్కన పైకి వాలిన కంకర బాటలు కనిపించాయి. బ్రేకులు పోయిన బండ్లు వాటిలోకి దూరి ఆగడానికట. చూసి నవ్వుకున్నాను. డ్రైవింగు రానివాళ్ల కోసం అనుకున్నాను.

కంకర బాటలో

పైన సైక్ అనే ఊళ్లో సాలిం లాడ్జీ. మెట్లు మెట్లుగా చేలు, ఆకురాలిన దానిమ్మ చెట్లు. చలి ఎముకల్లోకి పోతోంది. మందపాటి దుప్పటి కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి. సాలిం "మధ్యాహ్నం బండి తీసుకుని రోడ్డు చూసుకోండి, రేపు పొద్దున్నే దిగుదాం," అని నమాజుకు పోయాడు.

"కడసారి నా కాలు సూడు," అని రెడ్డెప్పను పక్కన కూర్చోబెట్టుకుని నేనే తోలాను. సన్నగా తుంపర పడుతోంది. మొదటి దిగుడు రాగానే అలవాటుగా గేరు తీసేశాను.

నిన్నటి పొడి రోడ్డు మీద బండి నా మాట విన్నది. ఇవాళ వినలేదు. రెండో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయాయి గానీ బండి ఆగలేదు, సబ్బు మీద కాలేసినట్టు జారింది. వదిలాను, వేగం పెరిగింది. మళ్లీ తొక్కాను, వెనక భాగం లోయ వైపు తిరిగింది. అప్పటికి ఏదో కాలుతున్న వాసన. గేరు వేద్దామంటే ఆ వేగంలో పడలేదు, పళ్లు కొరికింది. ఎదురుగా కంకర బాట కనబడింది. స్టీరింగు దాని వైపు తిప్పేశాను. బండి కంకరలోకి దూసుకుపోయి, ఇరుసుల దాకా దిగబడి ఆగింది.

నా చేతులు స్టీరింగును వదల్లేదు.

"బావా, నాకు పాప గుర్తొచ్చింది," అన్నాడు రెడ్డెప్ప.

దారిన పోయే ముగ్గురు ఒమనీ కుర్రాళ్లు బండి ఆపి దిగారు. ఎవరు, ఏమిటని అడగలేదు. టైర్లలో గాలి కొంచెం తీశారు, పారతో కంకర తోడారు, చక్రాల కింద చాపలు వేశారు. రెడ్డెప్ప ఫోర్ వీల్‌లో చిన్న గేరు వేసి, తొందరపడకుండా వెనక్కి లాగాడు. గంటలో బండి బయటపడింది. గీత కూడా పడలేదు. ఆ కుర్రాళ్లు తమ ఫ్లాస్కులోంచి మాకు కాఫీ పోసి, టైర్లకు మళ్లీ గాలి కొట్టి, చేతులు దులుపుకుని పోయారు. మా దగ్గరైతే ఈపాటికి యాభై మంది చేరి తలా ఒక సలహా ఇచ్చేవాళ్లు.

ఓబులమ్మ చెప్పిన మాట

సాలిం ఇంట్లో వంట చేసేది ప్రొద్దుటూరు ఓబులమ్మ. తొమ్మిదేళ్లుగా ఆ కొండ మీదే ఉంది. నన్ను వంటింటి గడపలో చూసి, "ఏందన్నా, మనిషంతా దుమ్ము?" అంది.

జరిగింది చెప్పాను. ఆమె నవ్వలేదు. పళ్లెంలో వేడి అన్నం, పప్పు, ఎర్రకారం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"బాబా రేపు ఏం జేస్తాడో తెల్సునా నీకు?" ఇంటి యజమానిని ఆమె బాబా అంటుంది. "దిగేంతసేపు కండ్లు మూసుకుంటాడు. కిందికి పోయినాక దిగి, నాలుగు చక్రాల కాడా వంగి వాసన జూస్తాడు. కాలిన వాసనొచ్చిందా, పో నాయనా అంటాడు. మునుపొచ్చిన ముగ్గుర్నీ అట్నే పంపినాడు. బ్రేకు మీద బతికేటోడు ఏదో ఒకనాడు బ్రేకు మీదే పోతాడంట, ఆయప్ప మాట."

"మరి ఫోర్ వీల్ గదమ్మా..."

"నాలుగు చక్రాలు లాగేది ఎక్కను పనికొస్తాదన్నా, ఆపను గాదు. ఆపేటప్పుడు అన్ని బండ్లూ ఒకటే. గేరు పట్టుకుని నడిచినట్టు దిగల్ల. నాకు తోలడం రాదు గానీ తొమ్మిదేండ్లుగా ఆయన పక్కన కూచ్చొని దిగుతాండా."

పళ్లెం పక్కకు జరిపాను. ఇరవై ఎనిమిదేళ్లు బోర్డు మీద రాసి ఉన్న మాటే ఈమె చెప్పింది. ఆ ఘాటులో నన్నూ, రోజుకు రెండు వందల మందినీ కాపాడింది నా విద్య కాదు, ఎండాకాలపు పొడి రోడ్డు. అది ఒప్పుకోవడం కష్టంగా ఉంది. రెడ్డెప్ప ముందు ఒప్పుకోవడం ఇంకా కష్టం. వాడు నా భార్య తమ్ముడు, పైగా నన్ను దేవుడనుకునేవాడు. కానీ నేను నోరు మూసుకుంటే పొద్దున్నే వాడు నా తాళమే వేస్తాడు. సుజాత, పాప ఇంకో ఆరేళ్లు ఫోన్లోనే ఉండిపోతారు. అంతకన్నా ఘోరం కూడా జరగొచ్చు.

బయటికి పోయాను. వాడు బండి చక్రాలకు అంటిన కంకర దుమ్ము కడుగుతున్నాడు.

"రెడ్డెప్పా, నేను నేర్పింది తప్పు. మొత్తం మర్చిపో," అన్నాను.

"పోనీలే బావా, వాన గదా..."

"వాన గాదు. నాదే తప్పు. కుక్కర్ల కోసం నేర్చుకున్న పని అది."

వాడు నా మొహం చూసి, గుడ్డ పక్కన పెట్టాడు. పొద్దు కుంకడానికి ఇంకా గంటన్నర ఉంది. లాడ్జీ వెనక మట్టి వాలు ఉంది. ఫోర్ వీల్ వేసి, మొదటి గేరు వేసి, రెండు కాళ్లూ పెడళ్ల మీంచి తీసేసి వాలు దిగమన్నాను. బండి ముసలెద్దులా మెల్లగా దిగింది. నేనూ ప్రయత్నించాను. నా కుడికాలు మాట వినదు, దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. రెడ్డెప్ప కాలు మూడోసారికే బుద్ధి తెచ్చుకుంది. స్టీరింగు ఒక్కసారిగా తిప్పొద్దు, గేరు దిగుడుకు ముందే మార్చు, బ్రేకు అవసరమైతే గుడ్డు మీద కాలు పెట్టినట్టు పెట్టు అని నేను చెబుతూ ఉంటే, గోడ మీద కూర్చున్న మేకలు మమ్మల్ని వింతగా చూశాయి. నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ అదే మొదటి పాఠమని వాటికి తెలిసిపోయినట్టుంది.

దిగుడు

పొద్దున బకెట్లో నీళ్ల మీద గాజు పలకలా మంచు పేరుకుంది. ఏడింటికే తయారయ్యాం గానీ సాలిం కదల్లేదు. "సూర్యుణ్ణి రానీ. కొండకు తొందర లేదు," అన్నాడు. తొమ్మిది దాటాక బయలుదేరాం. నన్ను వెనక సీట్లో కూర్చోమన్నాడు. ముందు రెడ్డెప్ప, పక్కన ఆయన, ఓబులమ్మ చెప్పినట్టే కళ్లు మూసుకుని.

రెడ్డెప్ప ఫోర్ వీల్ వేసి, రెండో గేరులో దిగుడు మొదలుపెట్టాడు. ఇంజిన్ గుర్రుమంటోంది. ఎండ పడిన చోట రోడ్డు తడిగా నల్లగా ఉంది, కొండ నీడ పడిన మలుపుల్లో తెల్లటి పొర. నా కుడికాలు ముందు సీటును నెడుతూనే ఉంది. నిన్నటి కంకర బాట దాటాం. మా చక్రాల జాడలు ఇంకా అలాగే ఉన్నాయి. తల తిప్పుకున్నాను.

ఆ తర్వాతి నీడ మలుపులో నీళ్ల ట్యాంకరు అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు దిగి టైరు చూసుకుంటున్నాడు. మాకూ దానికీ మధ్య రోడ్డంతా తెల్లటి పొర. "బ్రేకు!" అన్న మాట నా నాలుక చివరికి వచ్చేసింది. ఆ మాట అంటే వాడి కాలు వింటుందని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ నా మాట విన్న కాలది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను.

రెడ్డెప్ప మొదటి గేరుకు మార్చి, క్లచ్ మెల్లగా వదిలాడు. బండి ఒక్క కుదుపు కుదిపి, నెమ్మదించింది. వెనక చక్రం కొద్దిగా జారింది. వాడు కంగారుపడలేదు, స్టీరింగును వేళ్లతో సర్దాడు. బండి మనిషి నడిచేంత నెమ్మదిగా ట్యాంకరు పక్కన ఉన్న సందులోంచి దాటింది. ట్యాంకరు డ్రైవరు చెయ్యెత్తి పలకరించాడు. సాలిం కళ్లు తెరవలేదు. ఇంకొంచెం కిందికి పోయి పొడి రోడ్డు రాగానే రెడ్డెప్ప ఫోర్ వీల్ తీసేశాడు. పొడి రోడ్డు మీద అలాగే ఉంచితే మలుపుల్లో బండి బిగుసుకుంటుంది. అది నేను చెప్పింది కాదు, వాడికే తెలుసు.

చౌకీ దగ్గర బండి ఆగింది. సాలిం దిగి, కర్ర బానెట్‌కు ఆనించి, ముందు చక్రం దగ్గర వంగాడు. ముక్కు దగ్గరగా పెట్టాడు, అరచేయి ఆనించి చూశాడు. రెండోది చూశాడు. వెనకవి కూడా చూశాడు. నాలుగో చక్రం దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. రెడ్డెప్ప స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేను దేవుళ్లందరినీ వరసపెట్టి తలుచుకున్నాను.

ఆయన నడుము పట్టుకుని లేచి, "నీకెవరు నేర్పారు?" అని రెడ్డెప్పను అడిగాడు.

"మా బావ," అన్నాడు వాడు, తడుముకోకుండా.

సాలిం నా వైపు తిరిగాడు. "మరి పైన కంకరలో ఆ జాడలు ఎవరివి?"

కళ్లు మూసుకుని దిగినవాడు అవెప్పుడు చూశాడో! "అవీ నావే," అన్నాను చెయ్యెత్తి.

ఆయన నవ్వాడు, పోలీసులు కూడా తల తిప్పి చూసేంత గట్టిగా. "మీ ఊళ్లో నీ ఇష్టం. ఇక్కడ మాత్రం వెనక సీటే నీది," అని, రెడ్డెప్ప భుజం మీద చెయ్యి వేశాడు. "నీ భార్యవీ, పాపవీ పాస్‌పోర్టు కాపీలు తెప్పించు. కాగితాలు మొదలుపెడదాం."

రెడ్డెప్ప పక్కకు పోయి ఫోన్ కలిపాడు. "సుజాతా..." అని ఆగిపోయాడు. తిరిగొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"ఏమైందన్నా? ఆయప్ప మాట్లాడలేదే?" అంది ఆ పిల్ల భయంగా.

చెప్పాల్సింది చాలా ఉంది. "ఏం కాలేదమ్మా. ఈడ చలి శానా ఉంది. రేపు కడపకు పోయి స్వెటర్లు కొనుక్కో," అన్నాను.

ఆ పిల్ల మెల్లగా అడిగింది.

"పాపకొకటేనా అన్నా, నాక్కూడానా?"

"ఇద్దరికీ కొనమ్మా."